కుక్కతో వచ్చినవాడికి వసారాలో ఆకు

శ్రీకాకుళంలో ఒక లాడ్జివాళ్లు మా కుక్కని లోపలికి రానివ్వలేదు. నన్ను రమ్మన్నారు, నా భార్యని రమ్మన్నారు, మా సంచులు కూడా మోసుకొచ్చి గదిలో పెడతామన్నారు. కుక్క మాత్రం వద్దన్నారు. ఇది తప్పు. ఆ సాయంత్రం కౌంటరు దగ్గర నిలబడి తప్పన్నాను, ఇంటికొచ్చి తప్పన్నాను, ఇప్పుడు రాస్తూ కూడా అదే అంటున్నాను. ఈ విషయంలో చివరికి నాకొక జవాబు వచ్చింది. అది లాడ్జివాళ్లు ఇచ్చింది కాదు. దాన్నీ దాచకుండా రాస్తాను గానీ, ముందు నా కోపం వినండి.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. నా భార్య కంట్లో శుక్లం ముదిరిపోయి, బియ్యంలో రాయి కనపడక నా పళ్లు రెండు కదిలిన తరువాత గానీ ఆపరేషనుకి ఒప్పుకోలేదు. ఆమె అన్నాళ్లు వాయిదా వేసింది భయంతో కాదు, మా బుడ్డోడి కోసం. బుడ్డోడంటే మా కుక్క. గోధుమరంగు వీధికుక్క, వయసు మళ్లినవాడు. ఆమె చేతి ముద్ద తప్ప తినడు. ఒకసారి వాణ్ని పక్కింటి కోడలికి అప్పజెప్పి విజయనగరం పెళ్లికి వెళ్లాం. తిరిగి రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం చివర, సిమెంటు బెంచీ కింద డొక్కలు ఎండి పడున్నాడు. "అన్నం పెడితే నా మొగం సూసి తల తిప్పీసినాడు పిన్నీ, అలిగిన అల్లుడి లాగ," అందా పిల్ల. ఆ రోజు నా భార్య బెంచీ పక్కన కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకుని, ఇంకెప్పుడూ నిన్ను ఒగ్గీసి ఎక్కడికీ ఎల్లనని వాడికి మాటిచ్చేసింది. మనుషులకిచ్చిన మాటైతే నేను సర్దిచెప్పేవాణ్ని. కుక్కకిచ్చిన మాటని ఏమని సర్దిచెబుతాను?

అందుకని ముగ్గురమూ వెళ్లాం, మా ఊరి ఆటోలో. పొద్దున్న ఆపరేషనయింది. కంటికి కట్టు కట్టి, మర్నాడు విప్పి చూడాలి, ఇవాళ ప్రయాణం పెట్టుకోవద్దు, కుదుపులు, దుమ్ము తగిలితే కంటికే మోసం, ఈ ఊళ్లోనే ఉండండి అన్నాడు డాక్టరు. బుడ్డోడి కళ్లలో కూడా తెల్లటి పొర వచ్చేసింది. ఈవిడ బయటికొస్తూ, "ఆడికి కూడా తీసెయ్యరా బాబూ, మళ్లీ రానక్కర్లేకుండా పోద్ది," అని అడిగింది. డాక్టరు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

నాకు బడి చదువు లేదు. లారీల వెనక రాతలు, మైలురాళ్లు, హోటలు బోర్డులు చదివి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. ఆ తరువాత పేపర్లు, ఆ తరువాత లైబ్రరీలో దొరికినవన్నీ. బోర్డు నాకు మొదటి గురువు. అందుకే బోర్డంటే గౌరవం, తప్పుడు బోర్డంటే ఒళ్లుమంట. ఆ లాడ్జిలో "పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు" అని అద్దం మీద రాసుంది. దానికి సరిగ్గా పైన, అగరొత్తి వెలుగుతూ, దేవుడి పటం.

"బాబూ, ఆ పటంలో భైరవుడి పక్కనున్నదేటి? మేకా?" అన్నాను.

కౌంటరులో ఉన్న కుర్రాడు మంచి గడుసువాడు. పటం వంక చూశాడు, నా వంక చూశాడు, చేయెత్తి ఆపాడు. "తాతా, తరవాత ధర్మరాజు కథ సెప్తావు. కుక్కతో వచ్చినోళ్లందరూ అదే సెప్తారు. అది స్వర్గం తాతా, ఇది లాడ్జి. అక్కడ దుప్పట్లు ఉతకక్కర్లేదు."

నిజానికి నేను ఆ కథే చెప్పబోయాను. అయినా తగ్గలేదు. "బీడీతో పరుపు కాల్చినోడికి గదిస్తావు. తాగొచ్చి మెట్ల మీద కక్కినోడికి ఇస్తావు. మావోడికి ఆ రెండూ రావు."

"ఆళ్లు అలాటోళ్లని ముందు తెలీదు గదా తాతా. కుక్క కుక్కని ముందే తెలుస్తాది," అన్నాడు. అని, కొంచెం మెత్తబడి, ఈమధ్యనే ఎవరో దొరలు పెద్ద కుక్కని తెచ్చి గదిలో వదిలేసి సినిమాకి పోయారనీ, అది తలుపు గీరుతూ ఏడుస్తుంటే పక్కగది పసిబిడ్డ గుక్కపట్టిందనీ చెప్పాడు. బుడ్డోణ్ని కింద స్కూటర్ల షెడ్డులో కట్టుకోవచ్చన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. నా భార్య లాడ్జి మెట్టు మీద కూర్చునుంది, ఒక కంటికి తెల్ల కట్టుతో. బుడ్డోడు గెడ్డం ఆమె మోకాలి మీద ఆనించి ఉన్నాడు. "సెడ్డూ వద్దు, గదీ వద్దు. ఆటో పిలు, ఊరెలిపోదాం," అంది. ఆ గతుకుల్లో, ఆ దుమ్ములో, పచ్చి కన్నుతో. ఆమె అలా అంటే అంతే, ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఏం చెయ్యాలో తోచక ఆమెనే చూస్తూ నిలబడ్డాను. గడప అవతల ఆడమనిషి, మోకాలి మీద కుక్క గెడ్డం. ఈ బొమ్మ నేనింతకు ముందు చూశాను. సాలూరులో చూశాను.

అప్పట్లో నేను సాలూరు నించి ఘాటీ ఎక్కి ఒడిశా వైపు లారీ నడిపేవాణ్ని. పోతూ ఉల్లిపాయలు, వస్తూ చింతపండు. నా క్లీనరు ఘాటీ మలుపులకి కళ్లు తిరిగి ఉద్యోగం మానేశాడు. వాడి చోట్లోకి ఒక నల్లకుక్క వచ్చి కూర్చుంది. నేను పెట్టుకోలేదు, అదే చేరింది. ఎత్తు మీద బండి నిమ్మళంగా పోతున్నప్పుడు వెనకనించి ఎక్కి తాళ్లు కోసి బస్తాలు దొంగిలించేవాళ్లుండేవారు. ఇది క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి ఒక్క మొరుగు మొరిగితే చాలు, దిగిపోయేవారు. దాన్ని అందరూ 'క్లీనరు' అనే పిలిచేవారు. నేను లేనప్పుడు బండి దగ్గరికొచ్చి, "ఒరే క్లీనరూ, మీ డ్రైవరేడిరా?" అని దాన్నే అడిగేవారు. అది తోకతో దారి చూపించేదని నా నమ్మకం.

లారీలు ఆగే చోట ఒకావిడ పెంకుటింట్లో భోజనం హోటలు నడిపేది. అందరికీ ఆవిడ 'అత్త'. తన చేతి కూడు తిన్న ప్రతివాడినీ అల్లుడా అనేది. కూతుళ్లు లేరు. లేని కూతుళ్లకి ఇంతమంది మొగుళ్లా అని ఎవరో అంటే, "ఉన్నుంటే మీలాటోళ్లకి ఇత్తునా?" అని గరిటె చూపించింది. పొయ్యి మీద పప్పు తిరగమోత వేస్తే రోడ్డవతల లారీల్లో పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవారు. అడ్డాకుల విస్తరి, పొగలు కక్కే దంపుడు బియ్యపన్నం, గుంట చేసుకోమని ఒక అరుపు, ఆ గుంటలోకి పప్పు. తరువాత ఎన్ని ఊళ్లు తిరిగినా పప్పుకి ఆ వాసన తగల్లేదు. వయసుతో ముక్కు పాడయిందంటుంది మా ఆవిడ. ఏమో, ముక్కుదే తప్పయి ఉండొచ్చు.

ఆ అత్తకి బోర్డు లేదు గానీ ఒక రూలుండేది. వాసనొచ్చేదీ, మొరిగేదీ వసారాలోనే. లోపలికి రాకూడదు. అయితే, దానితో వచ్చిన మనిషి కూడా వసారాలోనే తినాలి. మొదటిరోజు నేను క్లీనర్ని బయట వదిలేసి లోపల బల్ల ముందు కూర్చోబోతే, చెయ్యి పట్టుకు లేవదీసింది. "నీతో వచ్చినదాన్ని బయట ఒగ్గీసి తింటే ముద్ద దిగుతాదేట్రా అల్లుడా? నడు, దాని పక్కన కూకో." వసారాలో చాప వేసి నాకొక విస్తరి, దానికొక విస్తరి వేసింది. ముందు దానికి వడ్డించింది. కుక్క చూస్తుండగా మనిషి తింటే ఆ కూడు అరగదంటారు గదా, అందుకని దానిది అయ్యేవరకూ నన్ను చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఎండనపడి వచ్చి ఆకలితో నకనకలాడుతూ, కుక్క ఎప్పుడు మూతి నాక్కుంటుందా అని ఎదురుచూసేవాణ్ని. నా బతుకులో ఓర్పు అనేది ఏమైనా ఉంటే అది క్లీనరు నాకు నేర్పిందే.

సంతరోజున ఆ వసారాలో రెండో చివర ఒక పిల్ల ఉండేది. సముద్రం ఒడ్డు ఊరినించి ఎండు చేపల గంపతో వచ్చేది. వాసనొచ్చేది వసారాలోనే గదా మరి. ఒక సంతరోజు నేను చేయి కడుక్కొచ్చేసరికి క్లీనరు దాని విస్తరి వదిలేసి, ఆ పిల్ల మోకాలి మీద గెడ్డం ఆనించి, గంపలోని నెత్తళ్ల వైపు దేవుణ్ని చూసినట్టు చూస్తోంది. ముట్టుకోలేదు. చూస్తోంది, అంతే.

"ఒరే, ఈ కుక్కకి నువ్వు కాపలావా, నీకిది కాపలాయా?" అంది ఆ పిల్ల, పేరూ ఊరూ అడక్కుండానే ఒరే అంటూ.

"నానే దానికి డ్రైవర్ని," అన్నాను.

"మరి డ్రైవరుకి బుద్ధుండక్కర్లేదా? ఎప్పుడైనా సేప పెట్టినావా దీనికి? మొగం సూడు, పాపం." గంపలోంచి గుప్పెడు నెత్తళ్లు తీసి దాని విస్తరిలో వేసింది. నాకూ వేస్తుందేమోనని చూశాను. వెయ్యలేదు.

ఆ తరువాత ప్రతి సంతరోజుకీ నా లారీ ఎలాగో సాలూరులోనే ఉండేది. టైరు పంక్చరయ్యేది, లోడు ఆలస్యమయ్యేది, ఏదో ఒకటి. అత్తకి అన్నీ తెలుసు, చాపలు రెండూ కొంచెం దగ్గరగా పరిచేది. ఒకనాడు పెద్ద గాలివాన. వసారాలోకి జల్లు కొడుతోంది, విస్తళ్లు ఎగిరిపోతున్నాయి. అత్త గుమ్మంలోకి వచ్చి, "రూలు లేదు, గీలు లేదు, ఈ పూటకి అందరూ లోపలికొచ్చీండి," అని కేకేసింది. ఆ పిల్ల కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆమె గంప మీద తాటాకు కప్పింది, నేను తార్పాలిన్ కొస పట్టుకున్నాను, ఇద్దరం గోడకి ఆనుకుని తడుస్తూ పప్పన్నం తిన్నాం. అందులో వాననీళ్లే ఎక్కువ. క్లీనరు ఒక్కడే అత్త మాట విని, ఒళ్లు దులుపుకుని, దర్జాగా లోపలికి పోయి బల్ల కింద ముడుచుకు పడుకున్నాడు. "ముగ్గురిలో బుద్ధున్నది ఈడొక్కడికే," అంది అత్త. ఆ తరువాత మా రెండిళ్లలో చాలా రగడ జరిగింది. లారీవాడికి పిల్లనిచ్చేది లేదని వాళ్లు, చేపల గంప మా ఇంట్లో దించొద్దని మావాళ్లు. చివరికి వాళ్లు వద్దన్న రెండూ జరిగాయి. అదంతా వేరే గొడవ.

ఈ కథంతా నేను కౌంటరు మీద మోచేతులు ఆనించి ఆ కుర్రాడికి చెప్పేశాను. "అత్తది కూడా రూలే బాబూ. కానీ ఆ రూలుకొక వసారా ఉండేది. నీ రూలుకి ఒట్టి అద్దమే ఉంది," అని ముగించాను.

"కత బాగున్నాది తాతా. గానీ నీ ఎనకాల ముగ్గురు నిలబడున్నారు," అన్నాడు. వెనకాల ఒక బట్టల వ్యాపారి, పెట్టె నేల మీద పెట్టి దానిమీద కూర్చుని మరీ వింటున్నాడు. "ఉండనీ బాబూ. పెద్దావిడకి దారి సూడు ముందు," అన్నాడాయన. కుర్రాడు బుర్ర గోక్కుని, ఫోన్ తీసి లాడ్జి షావుకారుతో మాట్లాడాడు, మధ్యలో ఒకసారి "కరవదండి, ముసిల్ది," అన్నాడు. కుక్క గురించే అనుకుంటాను.

లాడ్జి వెనక, ఉతికిన దుప్పట్లు ఆరేసే చిన్న వసారా ఒకటుంది. కింద వరసలో చివరి గది కిటికీ దానిలోకే తెరుచుకుంటుంది. గది నా భార్యకి. వసారాలో ఒక మడతమంచం నాకు, గోనెపట్టా బుడ్డోడికి. రూలు చెడలేదు. కుక్క గడప దాటలేదు. "కిటికీ గురించి బోర్డులో రాయలేదు గదా," అన్నాడు కుర్రాడు, నా బదులు తనే కొత్త అర్థం కనిపెట్టినవాడిలా.

పొద్దు వాలుతోంది. తీగల మీద దుప్పట్లు మెల్లిగా ఊగుతున్నాయి, సబ్బు వాసన. నా భార్య పెరుగన్నం కలిపి, కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపింది. కంటికి కట్టు, రెండో కంట్లో మసక. ఆ చెయ్యి గాలిలో తడుముకుంటోంది. బుడ్డోడికీ చూపానదు. వాడు మూతెత్తి వాసన పట్టుకుంటూ వచ్చాడు. చెయ్యీ మూతీ ఒకదాన్నొకటి వెతుక్కుని, కలుసుకున్నాయి. వాడు తిన్నాడు. తిన్నంతసేపూ నేను అన్నం పొట్లం విప్పలేదు. అలవాటు.

కానీ నా కోపం చల్లారలేదు. గుడ్డిదైన కుక్కని, ఆపరేషనైన మనిషిని ఇలా ఊచలకి అటొకరినీ ఇటొకరినీ పెట్టడమేమిటి? నేనన్నాళ్లు నేర్చుకున్న అక్షరాలన్నీ పెట్టి పేపరుకి రాస్తానన్నాను. కుక్కకి గదిలో చోటివ్వని లాడ్జి లాడ్జే కాదన్నాను. "ఏటే, పలకవు? నువ్వు సెప్పు, ఇది న్యాయమేనా?" అని కిటికీ వైపు తిరిగి ఒకసారి అడిగాను, మళ్లీ అడిగాను. నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు, మెతుకులంటిన ఆ చెయ్యి ఊచల్లోంచి మళ్లీ బయటికొచ్చి, ఈసారి బుడ్డోణ్ని దాటి నా తల తడుముకుంది.

"ఆనాడు అత్త నీ కుక్కని లోనికి రానిచ్చుంటే, నువ్వూ లోన బల్ల మీద తినీసి, లారీ ఎక్కి ఎలిపోదువు మావా. నానెవర్తినో, నువ్వెవుడివో. ఎన్నేళ్లకి మళ్లీ వసారాలోకొచ్చినావు! గొనక్కుండా కాసేపు కూకోరాదా?"