కారు కింద యెషయా

పంజాగుట్ట రోడ్డున పోయేవాళ్లకు యెషయా మిస్త్రీ ముఖం కంటే పాదాలే ఎక్కువ తెలుసు. పొద్దున్నే షెడ్డు ముందు గోనెపట్టా పరిచి ఏదో ఒక కారు కింద దూరుతాడు. ఎవరొచ్చినా లేవడు, మాట్లాడాలంటే వాళ్లే వంగాలి. రెండో ప్రపంచయుద్ధం వల్ల ఇంజన్ ఆయిల్ దొరకడం కష్టమైన ఆ రోజుల్లో ఒకనాడు ఎర్రమంజిల్ నుంచి ఒక జాగీర్దారు కారు వచ్చింది. ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీద పడి ఉంది. వెంట వచ్చిన, జాగీరు లెక్కలు చూసే పేష్కారు నర్సింగరావు నిలబడే హుకుం వేశాడు. "చిక్కటి ఆయిల్ పోసి ముల్లు లేపురా. దొర ఇంకాసేపట్ల నాంపల్లి టేషన్ల దిగుతడు, తీస్కరావాలె."

యెషయా కారు చూడడానికి మాత్రం బయటికొచ్చి, ఇంజన్‌లోని ఆయిల్ కొలపుల్ల తీసి చూశాడు. ఆయిల్ చుక్కను వేళ్లతో నలిపి వాసన చూశాడు. "ఆయిల్ నిండుగనే ఉన్నది పంతులూ, పైకెక్కుతలేదు. ఇప్పి చూడాలె."

"ఆలస్యమైతే నా నౌకరీ పోతది!"

"నడిపితే ఇంజన్ పోతది." యెషయా తాళంచెవి జేబులో వేసుకుని కారు కిందికి దూరాడు. ఇంజన్ అడుగున తొట్టి విప్పితే, ఆయిల్ పీల్చే జాలీ నిండా నూలుపోగులు. "పాత ఆయిల్ బట్టల వడగట్టి మళ్ల పోసిన్రు. ఎవని అక్కల్, ఎవని తెలివి ఇది?" అంటూ జాలీని బయటికి చాచాడు. నల్లటి పోగుల మధ్య ఎర్ర అంచు పీలిక ఒకటి. పేష్కారు తన ధోవతి ఎర్ర అంచు వైపు చూసుకున్నాడు.

"జాలీ కడిగి, కొత్త ఆయిల్ పోసినంకనే తాళంచెవి ఇస్త."

పేష్కారు ధోవతి ఎగగట్టి, ఆ పాదాల పక్కన దుమ్ములో గొంతుక్కూర్చున్నాడు. "ఎంతసేపు పడతది, అన్నా?"