వేయించుకోని టీకా

హాంకాంగ్‌లో లాయ్ యుక్‌కున్‌గారు ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో నడుం విరిగేలా పనిచేసి కూతుర్ని పెంచిన మనిషి. దేనికీ జడవదు, సూదికి తప్ప. కరోనా టీకాతో మూతి వంకర పోతుందని లిఫ్టులో ఎవరో అన్నారు. బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలని టీవీలో చెప్పారు. ఆవిడ అడగనూ లేదు, వేయించుకోనూ లేదు. కూతురు వైసమ్ పోరు పడలేక, మడమ పుండుకని కొన్న ప్లాస్టరొకటి భుజానికి అంటించుకుని, "అయిపోయిందే" అనేసింది.

అప్పటికి ఊళ్లో రోగమే లేదు. అలాంటప్పుడు అబద్ధానికి మాత్రం బరువేముంటుంది?

ఫిబ్రవరి చలిలో రోగం వచ్చిపడింది. ఎదురింటావిడ ఆస్పత్రిలో చోటులేక, ఆరుబయట మంచం మీదే పోయింది. ఆ తలుపు ముందునుంచి యుక్‌కున్ తల తిప్పుకుని నడిచేది.

సింగపూర్ నుంచి చెల్లెలు పుయ్‌లిన్ ఫోను చేసింది. "నాకూ వచ్చింది అక్కా. ముక్కు కారింది, పోయింది. మీ దగ్గరేంటి, ముసలాళ్లలా రాలిపోతున్నారు?"

"మీ ఊరి రోగం మెతకదేమోనే."

"రోగం అదే అక్కా! మా ముసలాళ్లందరికీ సూదులు పొడిచాకే దేశం తలుపులు తీశారు. మీరు తలుపులు గట్టివని మురిసి సూదులు మానేశారు. నువ్వు నయం, వేయించుకున్నావు."

"పొయ్యి మీద గిన్నె ఉందే," అని యుక్‌కున్ ఫోను పెట్టేసింది.

ఆదివారం వైసమ్ తల్లిని టీ హోటల్‌కి తీసుకెళ్లింది. టీకా రుజువు లేనిదే లోపలికి రానివ్వరని ఆ వారమే కొత్త నియమం. రొయ్యల కుడుముల వాసన గుమ్మందాకా వస్తోంది.

"రుజువు చూపించండి, మామ్మగారూ," అన్నాడు వాకిట్లో కుర్రాడు.

"ఇంట్లో మర్చిపోయాను నాయనా."

"ఫోన్లో వెతుకుతానుండమ్మా," అంది వైసమ్. ఎంత వెతికినా ఏమీ లేదు. "అమ్మా... మరి ఆ ప్లాస్టరు?"

"మడమదే."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. వైసమ్ మాత్రం నవ్వలేదు. ముఖం పాలిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని తిన్నగా టీకాలు వేసే చోటికి లాక్కెళ్లింది.

సూది పడ్డాక బెంచీ మీద కూర్చుని యుక్‌కున్ మాస్కు కిందనుంచి మూతి తడుముకుంది. "వంకర పోయిందా?"

"పోతే అబద్ధమాడిన రోజే పోవాల్సింది."

"ఇంక భయం లేదుగా?"

"పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందట. ఇంకో సూదీ వెయ్యాలి."

"అందాకా?"

వైసమ్ ముఖం అటు తిప్పుకుని దగ్గింది. మళ్లీ దగ్గింది. "గొంతు ఎండిపోయిందంతే," అంది.

దూరం జరగాలో, దగ్గరకు తీసుకోవాలో యుక్‌కున్‌కి తెలియలేదు. కూతురి చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. వెచ్చగా ఉంది.