రోవన్ మొక్క కోసం ఫెర్గస్ దాకా

ఫెర్గస్ ఊరికి జనం నది చూడటానికో, వేసవిలో జరిగే స్కాటిష్ ఆటల కోసమో వెళ్తారు. మేము మాత్రం చేసిన తప్పు దిద్దుకోవడానికి వెళ్లాం. ఆ తప్పేమిటో చెప్పకుండా దారీ ఖర్చులూ చెబితే ఈ ప్రయాణం అర్థం కాదు. కాబట్టి సిగ్గు విడిచి ముందు అదే చెబుతాను.

కెనడాలోని హామిల్టన్‌లో ఈ ఏప్రిల్‌లో ఇల్లు కొన్నాం. అంతకుముందు అది పక్కింటి మార్గరెట్ గారి చెల్లెలిది. ఆవిడ పోయాక అమ్మకానికి వచ్చింది. మార్గరెట్ గారికి ఎనభై దాటాయి. పెళ్లి చేసుకుని స్కాట్లాండ్ నుంచి వచ్చిన మనిషి. మేం ఇంట్లో అడుగుపెట్టిన రోజు ఉప్పు, బ్రెడ్డు, ఒక బొగ్గు ముక్క పట్టుకుని వచ్చారు. కొత్త ఇంట్లో తిండికీ, రుచికీ, వెచ్చదనానికీ లోటు రాకూడదని వాళ్లు అలా తెస్తారట. సరిగ్గా అప్పుడే మేము పాలు పొంగిస్తున్నాం. పాలు పైకి రాగానే ఆవిడ కంగారుగా వెళ్లి స్టవ్ కట్టేయబోయారు, మా ఆయన రవి అడ్డం పడ్డాడు. సంగతి తెలిశాక ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ రోజు నుంచి నేను హాస్పిటల్ డ్యూటీ చేసి వచ్చేసరికి వారంలో రెండు రోజులైనా గుమ్మంలో సూప్ గిన్నె ఉండేది. తెలిసినవాళ్లు లేని వీధిలో అది నాకెంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

మా సింహద్వారానికి ఎదురుగా సన్నని చెట్టు ఒకటి ఉండేది. గుంటూరు నుంచి మా బావగారు వీడియో కాల్‌లో ఇల్లంతా మెచ్చుకుని, ఆ చెట్టు దగ్గర ఆగిపోయారు. "ఏంట్రా రవీ, గుమ్మానికి ఎదురుగా చెట్టా? ద్వారవేధరా అది, వాస్తు దోషం! ముందు తీయించెయ్యి." ఇంకేముంది, జూన్‌లో మార్గరెట్ గారు కూతురి దగ్గరికి వెళ్లిన వారంలో తీయించేశాం. ఆవిడ లేని సమయం చూసి చేసిన పని కాదు. చెట్లు కొట్టేవాళ్లు ఆ వారమే దొరికారు.

తిరిగొచ్చాక ఆవిడ ఆ మోడు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "మా చెల్లి ఈ ఇంటికి వచ్చిన రోజు నేను నాటిన రోవన్ అది" అన్నారు. రోవన్ గుమ్మం దగ్గర ఉంటే ఆ ఇంటికి కీడు రాదని, దాన్ని ఎన్నడూ కొట్టకూడదని వాళ్ల పెద్దవాళ్ల నమ్మకం. మేం కీడు పోవాలని కొట్టిన చెట్టు, కీడు రాకుండా ఆవిడ పెట్టిన చెట్టు! ఆవిడ గొడవ పెట్టుకుంటే బాగుండేది. అంతవరకే చెప్పి లోపలికి వెళ్లిపోయారు. రవి వాళ్ల అన్నయ్య మాట విని కొట్టించామని చెప్పి ఎన్నిసార్లు క్షమాపణ అడిగినా తల ఊపేవారు, అంతే. నాలుగు నెలలు ఆ తలుపు మాకు తెరుచుకోలేదు.

హామిల్టన్ నర్సరీల్లో రోవన్ లేదన్నారు. ఫెర్గస్ దగ్గర ఒక నర్సరీలో దొరుకుతుందని నాతో పనిచేసే నర్సు చెప్పింది. అక్టోబరు మొదటి శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు బయల్దేరాం. హైవే 6 పట్టుకుని ఉత్తరానికి, గ్వెల్ఫ్ మీదుగా గంటంపావు ప్రయాణం. టోల్ లేదు. రెండు వైపులా కోతకొచ్చిన మొక్కజొన్న, మధ్య మధ్య ఎర్రబడిన మేపుల్ చెట్లు. మామూలు రోజైతే పది చోట్ల కారు ఆపించి ఫొటోలు తీసేదాన్ని.

"మళ్లీ చెట్టు పెడితే అన్నయ్యకి ఏం చెప్పాలి?" అన్నాడు రవి.

"ముందు పక్కింటావిడకి ఏం చెప్పాలో ఆలోచించు" అన్నాను.

ఫెర్గస్ చిన్న ఊరు. స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న రాతి భవనాలు, వాటి వెనకే గ్రాండ్ రివర్. మెయిన్ రోడ్డు మీద ఒక చిన్న హోటల్లో ఓట్స్ జావ తిన్నాం. ఇద్దరికీ టీతో కలిపి ఇరవై నాలుగు డాలర్లయింది. రవి చక్కెర డబ్బా అందుకోబోతే వంటావిడ కౌంటర్ వెనక నుంచే ఆపింది. "ముందు ఉప్పుతో తిని చూడండి. మా అమ్మ ఉంటే మీ చెయ్యి మీద ఒకటి వేసేది." జావను కుడివైపుకే తిప్పాలట, ఎడమకు తిప్పితే అరిష్టమట. ఉప్పేసిన ఆ జావ మన రాగిజావకు దగ్గర చుట్టంలా ఉంది. రవి గిన్నె ఖాళీ చేశాడు.

నర్సరీ ఊరి బయట, కారులో పది నిమిషాలు. యజమాని డెబ్భై ఏళ్ల పెద్దాయన. మేం అడిగిన మొక్క చూపించాడు. నా ఎత్తు ఉంది, కొసన ఒకే ఒక్క ఎర్ర పళ్ల గుత్తి. ఒక పండు తెంచి, తొడిమకు రెండోవైపు చిన్న నక్షత్రం గుర్తు చూపించి, కాపాడే శక్తంతా అక్కడే ఉందని వాళ్ల నాయనమ్మ అనేదని చెప్పాడు. ఎందుకు కావాలని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రోవన్ కొట్టారా?"

"కొట్టినవాళ్లు తర్వాత ఏం చెయ్యాలండీ?" అని అడిగాను.

"కొట్టొద్దని చెప్పింది గానీ, కొడితే ఏం చెయ్యాలో మా నాయనమ్మ చెప్పలేదు. మీ పక్కింటావిడనే అడగండి. అడక్కుండా మాత్రం నాటకండి."

తొంభై డాలర్లు తీసుకుని, ఆకులు గాలికి ఎండిపోకుండా దుప్పటి చుట్టి, సీట్లు వంచి, తనే కారులో పడుకోబెట్టాడు.

మూడింటికి మార్గరెట్ గారి తలుపు కొట్టాం. "రోవన్ తెచ్చాం. కొట్టినవాళ్లు ఏం చెయ్యాలో మాకు తెలీదు. మీరే చెప్పాలి" అన్నాను.

"నాకూ తెలీదు. మా ఊళ్లో రోవన్‌ని కొట్టేంత మూర్ఖులు ఎవరూ ఉండేవారు కాదు" అని ఆవిడ తలుపు వేసేసుకున్నారు.

ఇక అయిపోయిందనుకున్నాను. రవి మొక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రెండు నిమిషాల తర్వాత ఆవిడ రబ్బరు బూట్లు తొడుక్కుని బయటకు వచ్చారు.

"మీ అన్న ఎక్కడ పెట్టమంటాడు?"

"గుమ్మానికి ఎదురుగా తప్ప ఎక్కడైనా ఫర్వాలేదండీ" అన్నాడు రవి.

"తలుపు పక్కన చాలు. అది కాపలా కాయాలి గానీ దారికి అడ్డం నిలబడక్కర్లేదు."

గొయ్యి రవి తవ్వాడు, మొదటి మట్టి ఆవిడ వేశారు. తర్వాత జేబులోంచి ఎర్ర ఉన్ని దారం తీసి కాండానికి వదులుగా కట్టారు. కడుతూ రవి మణికట్టు మీది ఎర్ర దారం చూశారు.

"అదెవరు కట్టారు?"

"మా అమ్మ. నాకేమీ కాకూడదని."

"ఇదీ అందుకే" అన్నారు.

చేతులు కడుక్కోవడానికి మా ఇంట్లోకి వచ్చారు. నాలుగు నెలల తర్వాత ఆవిడ మా వంటింట్లో కూర్చుని టీ అడిగారు. టీ పెడుతూ నేను ఏడ్చేశాను. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అందుకు కూడా ఆవిడకు రుణపడి ఉన్నాను.

ఆ రోజు మమ్మల్ని దారిలో పెట్టినవాళ్లను తలుచుకుంటే మనసు నిండిపోతుంది. మా తప్పు విని కూడా జాగ్రత్తగా మొక్క చుట్టి ఇచ్చిన పెద్దాయన, తలుపు వేసుకున్నా మళ్లీ తెరిచిన మార్గరెట్ గారు. పెద్దవాళ్లు చెప్పినవి రెండు ఇళ్లలోనూ ఉన్నాయి. వాటిని నమ్మినందుకు నేను బాధపడటం లేదు. మా పెద్దవాళ్ల మాట ఒక్కటే ఉందనుకున్నందుకు బాధపడుతున్నాను.

రోవన్ కోసం వెళ్లేవాళ్లు నర్సరీలో మౌంటెన్ యాష్ అని అడగండి, తొందరగా చూపిస్తారు. అసలు సలహా మాత్రం ఇది: కొత్త ఇంట్లో ఏ చెట్టయినా తీయించే ముందు పక్కింటికి వెళ్లి, ఇది ఎవరు నాటారండీ అని ఒక్క మాట అడగండి. మేం ఆ మాట అడిగి ఉంటే మార్గరెట్ గారికి ఆవిడ చెల్లెలి చెట్టు ఈ రోజుకీ ఉండేది.