నా రెండు వరుసలు, ఎవరిదో పేరు

పదకొండు మెయిళ్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. చదివారో లేదో కూడా తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు తవ్వుతావని ఇంట్లోవాళ్లు అడుగుతారు. తవ్వడానికి నేను పూడ్చిపెడితే కదా.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. వనపర్తి బస్టాండు వెనుక నాకు డీటీపీ దుకాణం ఉండేది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు వేసేవాణ్ని. తెలుగు సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక, ఒక మాసపత్రికతో పాటు వచ్చిన సీడీలోని ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకున్నాను. తెరమీద తెలుగు బాగానే కనబడేది. ప్రింటు తీస్తే మాత్రం అడుగున వత్తులు తెగిపోయేవి. శ్రీరంగాపూర్ నుంచి పెళ్లిపత్రిక కోసం వచ్చిన రైతు ఒకాయన ప్రూఫు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏందే, పెండ్లికొడుకు పేరుకు కాళ్లు నరికినవ్? పిల్లనిచ్చేటోళ్లు సూస్తే కుంటోడనుకుంటరు."

దుకాణంలో అందరూ నవ్వారు. ఆయన పక్క వీధిలో వేయించుకున్నాడు.

నెలన్నర ఆ యంత్రం ముందు కూర్చున్నాను. వరుసకూ వరుసకూ మధ్య చోటును ఆ ప్రోగ్రాం ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి కొలుస్తోందని చివరికి తేలింది. సెట్టింగుల ఫైలులో రెండు వరుసలు చేర్చాను. వత్తులు నిలిచాయి.

ఆ ఆపరేటింగ్ సిస్టంలో తెలుగు కోసం పనిచేసేవాళ్లకు ఒక మెయిల్ గుంపు ఉండేది. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. ఎవరైనా లోపం సరిచేస్తే కొత్త సీడీలోని కృతజ్ఞతల పట్టికలో వాళ్ల పేరు పడుతుంది. నాకు కావలసింది అదొక్కటే. ఇంటరుతో చదువు ఆగినవాణ్ని. గద్వాలలో మావాళ్ల లెక్కలో నేను టైపు కొట్టేవాణ్ని, అంతే. పేరు పడితే తీసుకెళ్లి చూపిద్దామనుకున్నాను.

మెయిళ్లు బస్టాండు దగ్గర, అందరూ భాయ్ అని పిలిచే ఆయన నడిపే నెట్ సెంటరు నుంచి పంపేవాళ్లం. ఆ రోజుల్లో మా దగ్గర విజిటింగ్ కార్డు మీద ఫోన్ నంబరు పక్కన పీపీ అని వేసేవాళ్లు. ఫోన్ పక్కింటివాళ్లది, పిలిస్తే వచ్చి మాట్లాడతామని అర్థం. మెయిల్ కూడా అంతేననుకున్నాం. సెంటరు పేరు మీద ఒకటే ఐడీ, పాస్‌వర్డు గోడకు వేలాడే అట్టముక్క మీద. నేను, నాగర్‌కర్నూల్ నుంచి ఆదివారాలు వచ్చే లెక్కల సారు, ఒక డిగ్రీ అమ్మాయి, అందరం అందులోంచే రాసేవాళ్లం. కింద పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

రెండు వరుసలూ ఆ ఐడీ నుంచే గుంపుకు పంపిన మరునాడు దాని నిర్వాహకుడు జవాబిచ్చాడు, అందరూ చదివేలా. ఈ ఐడీ మనిషి పోయిన నెల టీచరునంటూ అరిచాడట, అంతకుముందు డిగ్రీ అమ్మాయినన్నాడట, ఇప్పుడు దుకాణదారునంటున్నాడట. ఇక్కడ అసలు పేర్లకే చోటు, వేషాలకు కాదు అని రాసి, ఐడీని గుంపులోంచి తీసేశాడు.

ఆదివారం సారును పట్టుకున్నాను.

"గుంపుల మీరు అరిసిండ్రంట సార్."

"అరుసుడేంది తమ్మీ? మార్కుల పట్టిక ప్రింటు గాకుంటే అడిగిన."

"అన్నీ పెద్దక్షరాలేనంట."

"దరఖాస్తు ఎట్ల నింపుతం? పెద్దక్షరాలల్లనే గద. మర్యాదకు గట్ల రాసిన."

ఇంగ్లీషులో అన్నీ పెద్ద అక్షరాలు రాస్తే అక్కడ కేకలు వేసినట్టట. ఆ మాట మాకెవరు చెప్పారు?

భాయ్ నవ్వాడు. "సెంటర్ నాది, బోర్డు నాది, ఐడీ నాది. ఇండ్ల దొంగ పేరు ఎవడిదన్నా? జర ఆగు, పరేషాన్ గాకు. నీకు కొత్తది చేస్త."

కొత్త ఐడీ నుంచి ఇంటిపేరు, నా పేరు, తండ్రి పేరు, ఊరు, దుకాణం చిరునామా అన్నీ రాశాను. నమ్మరేమోనని రేషన్ కార్డు స్కాన్ చేసి జతపరిచాను. జతలు పంపరాదంటూ మెయిల్ తిరిగొచ్చింది. అది యంత్రం రాసిన ముక్క, మనిషిది కాదు. జత లేకుండా మళ్లీ రాశాను. కొత్త ఐడీని నిర్వాహకుడు చేర్చుకుంటేనే మెయిల్ గుంపులో పడుతుంది, అందాకా ఆయన దగ్గరే ఆగుతుంది. ఆ పదకొండు అక్కడ మొదలయ్యాయి.

ఏడు నెలలకు కొత్త సీడీ వచ్చింది. వత్తులు తెగడం లేదు. ఫైలు తెరిచి చూస్తే నా రెండు వరుసలే. పట్టికలో ఆ సవరణకు ఎదురుగా ఇంగ్లీషులో ఒక పక్షి పేరు ఉంది. గుంపు పాత మెయిళ్లు నెట్‌లో ఎవరికైనా కనబడతాయి, అన్నీ చదివాను. ఆ పేరున్నతను గుంపులో మొదటి నుంచీ ఉన్నాడు, ఆ పక్షి పేరుతోనే రాస్తాడు. అసలు పేరేమిటని అతన్ని ఒక్కరూ అడగలేదు.

"ఆయనగ్గూడ గదే తట్టిందేమో తమ్మీ," అన్నాడు సారు. "లెక్క ఎవరు జేసినా జవాబు ఒకటే గద."

ఈ లెక్కకు కాదు. నా ప్రింటరు రోలరు అరిగి కాగితం జారేది. అందుకని ఆ రెండు వరుసల్లో అవసరానికి మించి నాలుగు పాయింట్ల చోటు వదిలాను, పాయింటంటే అచ్చుపనిలో చిన్న కొలత. మంచి ప్రింటరు ఉన్నవాడికి ఆ నాలుగూ అక్కర్లేదు. సీడీలో అవి కూడా ఉన్నాయి.

ఆ సీడీ సంచిలో వేసుకుని గద్వాల వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు. మా అన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నీ పేరేడుందిరా?"

"లేదు."

"మరెందుకు తెచ్చినవ్?"

వదిన అన్నం పెట్టింది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దుకాణం మూతపడింది. గుంపులో కూడా ఇప్పుడు ఎవరూ రాయడం లేదు. పాత మెయిళ్లు మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు. నన్ను వేషగాడన్న మెయిల్ అక్కడ ఉంది. నేనిచ్చిన సంజాయిషీ లోపలికే పోలేదు కనుక లేదు. ఆ రెండు వరుసలు ఎవరివని ఎవరు వెతికినా వాళ్లకు దొరికేది అదే. దాన్ని మార్చే దారి నాకు కనబడటం లేదు.

నిర్వాహకులు గారూ, ఇది పన్నెండోది. పట్టిక దిద్దమని ఇక అడగను. దిద్దినా చూసేవాళ్లు లేరు. అక్కర్లేని ఆ నాలుగు పాయింట్లు ఆ పక్షి పేరు మనిషికి ఎక్కడివి? ఆయన్నే అడిగి నాకు రాయండి. నా దగ్గరివేనంటే ఆ మాటే రాయండి, కాదంటే ఎక్కడివో రాయండి. ఈసారి మీరే రాయాలి, యంత్రం కాదు.