వంతెన కింద రెండు భోజనాలు

పోర్చుగల్ దేశం మొత్తంలో ఇనుప వంతెనని నెత్తిన పెట్టుకుని బట్టలుతికిన ఆడమనిషి ఒక్కతే ఉంది. పేరు జుల్మీరా. రాజుల కాలంలో కట్టిన ఆ వంతెన ఇన్నేళ్ళు నదిలో పడకుండా నిలబడిందంటే అందులో రాతి స్తంభాల గొప్పేమీ లేదు, అంతా జుల్మీరా మెడ గొప్పే. పెళ్ళయిన నాటినుంచి ఆమె దాన్ని మోస్తూనే ఉంది. స్నానానికి కూడా దించలేదు.

నిజం దీనికంటే కొంచెం తక్కువ. వంతెన ఇవతలి కాలు ఒడ్డు రాతిలో దిగేచోట మూడు ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యది జుల్మీరాది. కాపురానికి వచ్చిన రోజున ఆమె తలెత్తి చూస్తే ఆకాశం ఉండాల్సిన చోట ఇనుము కనబడింది. "వాన పడదులే" అన్నాడు మొగుడు. వాన సంగతేమోగానీ మిగతావన్నీ పడ్డాయి. తుప్పు పొలుసులు, రంగు పెచ్చులు, కార్ల మసి, సిగరెట్ పీకలు, ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు. ఆ పళ్ళని ఆమె శుభ్రంగా కడిగి కిటికీలో పెట్టింది. సొంతదారు ఏనాటికైనా వస్తాడని మొగుడు పోయాక కూడా ఎదురుచూస్తూనే ఉంది.

ఒడ్డు వెంబడి ఉన్న భోజనశాలల బల్లగుడ్డలు ఉతకడం ఆమె పని. ఆరేసిన తెల్లగుడ్డ మీద తుప్పు రాలితే నిమ్మకాయా ఉప్పూ రుద్ది మళ్ళీ ఎండకి వేసేది. రుద్దినంతసేపూ తల పైకెత్తి వంతెనని తిట్టేది. పక్కింటి అబీలియు పడవలకి రంగులేసేవాడు. పిన్ని తిట్లకే వంతెన రంగు వెలిసిపోతోందని అతను అందరితో చెప్పేవాడు. అయితే పరాయివాళ్ళెవరైనా ఆ వంతెనని ఒక్కమాటంటే మాత్రం జుల్మీరా చేతిలోని తడిగుడ్డ విసిరేది.

అలాంటి వంతెన మీద కార్లు తీసేసి ట్రాము నడుపుతామని నగరంవాళ్ళు అన్నారు. ఊరు రెండుగా చీలింది. ముసలి ఇనుము అంత బరువు మోయలేదు, పక్కన కొత్తది కట్టండి అని సగం మంది. కొత్తది కట్టేలోపు బస్సుల్లోనే ముసలివాళ్ళమైపోతాం, ఉన్నదాని మీదే నడపండి అని మిగతా సగం. జుల్మీరా మొదటి సగంలో ఉంది. ఆమె కూతురు గ్రసిందా రెండో సగంలో ఉంది. గ్రసిందా కాపురం అవతలి ఒడ్డున, ఆసుపత్రిలో గదులు తుడిచే పని ఇవతలి ఒడ్డున.

"అమ్మా, నీ వంతెన మీద బస్సులో నిలబడీ నిలబడీ నా కాళ్ళు కూడా స్తంభాలైపోయాయి. ట్రాము వస్తే ఒక పాట పాడుకునేలోపు ఇంట్లో ఉంటాను."

"నువ్వు పైన పాడుకుంటూ పో. నేను కింద పచ్చడైపోతాను."

"ఇన్నేళ్ళుగా కార్లు పోతున్నాయి. పచ్చడయ్యావా?"

"కార్లు విడివిడిగా పోతాయే పిచ్చిదానా! రైలు మొత్తం ఒక్కసారే వచ్చి మీద పడుతుంది. మీ అత్తగారొక్కతే మా ఇంటికి రావడమూ, ఆవిడ తాలూకు అందర్నీ వెంటేసుకుని రావడమూ ఒకటేనా?"

గ్రసిందాకి నవ్వొచ్చింది. కానీ ఆ నెలంతా ఆమె తల్లి ఇంటికి రాలేదు.

చర్చి పక్క హాల్లో సభ పెట్టారు. ఎంజినీరు తెలెస్ అనే సన్నటి మనిషి గోడమీద బొమ్మలు చూపించాడు. పాత రోడ్డు పలకలు తీసి తేలికవి వేస్తాం, బలహీనపడ్డ దూలాలు మారుస్తాం, బస్సులూ లారీలూ ఇరుక్కున్నప్పుడు పడే బరువుకంటే ట్రాము బరువు తక్కువ అన్నాడు. చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. అతని పక్కన కూర్చున్న నగరపు అధికారి మాత్రం చివర్లో తియ్యగా ఒక మాట కలిపాడు. "కింద మూడిళ్ళవాళ్ళకి భయంగా ఉంటే చెప్పండి. కొండమీద కొత్త ఫ్లాట్లున్నాయి. అక్కడికి మార్చేస్తాం."

ఆ మాట జుల్మీరా గుండెలో గునపంలా దిగింది. మొగుడు పోయింది ఆ ఇంట్లోనే. గ్రసిందా పుట్టింది ఆ ఇంట్లోనే. ఇంటిముందు నది, నది పక్కన ఉతికే తొట్టి, తొట్టి పక్కన తాడు. కొండమీద ఫ్లాట్లో బల్లగుడ్డలు ఎక్కడ ఆరేస్తారు, అధికారి మెడకా? ఆమె లేచి నిలబడింది.

"ఎంజినీరు బాబూ, ఈ వంతెన కట్టినవాడు మొదటిసారి బరువెక్కించిన రోజు పెళ్ళాంతో సహా పడవలో కిందే కూర్చున్నాడట. ఒడ్డున అందరికీ తెలుసు. మరి నువ్వూ పరీక్ష చేస్తావు కదా. ఆ రోజు మా ఇంటికి భోజనానికొస్తావా?"

హాలు గొల్లుమంది. తెలెస్ నవ్వలేదు. జుల్మీరా వైపు తిరిగి అడిగాడు.

"ఏం వండుతారు?"

"బకల్యావు. శనగలూ బంగాళదుంపలూ వేసి."

"వస్తానమ్మా."

అక్కడితో కూర్చుని ఉంటే బాగుండేది. కానీ జుల్మీరా నోరు ఒకసారి తెరుచుకుంటే దాని చేతుల్లో ఆమె ఉంటుంది. "పళ్ళెం ఖాళీ చేస్తే ట్రాము గురించి నేనింక ఈ జన్మలో నోరెత్తను. ఇక్కడున్న అందరూ సాక్ష్యం" అంది.

"పిన్నీ, అంతమాటెందుకు?" అబీలియు చెయ్యి పట్టి లాగాడు. అప్పటికే హాలంతా చప్పట్లు.

బకల్యావంటే ఉప్పులో ఊరి రాయిలా ఎండిన చేప. ముందురోజునుంచీ నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోస్తూ ఉండాలి. లేకపోతే నోట పెట్టలేరు. జుల్మీరా చిన్నప్పటినుంచీ కళ్ళు మూసుకుని చేసే పని అది. కానీ పరీక్షకి ముందురోజంతా పోలీసులు తలుపులు బాదుతూనే ఉన్నారు, కిందివాళ్ళందరూ ఖాళీ చెయ్యాలని. అబీలియు మంచంలో ఉన్న తల్లిని చర్చికి మోసుకెళ్ళాడు. జుల్మీరా కిటికీలు మూసి, దీపం తగ్గించి, ఇంట్లో ఎవరూ లేనట్టు వంటింట్లో కూర్చుంది. చేప నీళ్ళు మార్చడం మర్చిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం తెలెస్ వైను సీసాతో వచ్చాడు. పైన కొలతలు చూసే మనుషులున్నారు, ఖాళీ చెయ్యమన్న ఉత్తర్వు మీద సంతకం అతనిదే. అయినా కూర్చున్నాడు. ఇసుక బస్తాలు నింపిన ట్రాములు ఒకదాని వెనక ఒకటి వచ్చి సరిగ్గా నెత్తిమీద ఆగాయి. ఇనుము పొడుగ్గా ఒక మూలుగు మూలిగింది. జుల్మీరా సిలువ గీసుకుంది. తెలెస్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. అతని నుదుట చెమట పట్టింది. గ్లాసు నీళ్ళు గడగడా తాగాడు. ఇంకో ముక్క, ఇంకో గ్లాసు.

"ఏం బాబూ, గొంతు దిగడంలేదా? లెక్కలు పైన పెట్టి వచ్చావా?" జుల్మీరా ఆనందానికి హద్దుల్లేవు.

అతను తింటూనే ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. చివరికి మొక్కజొన్న రొట్టెతో పళ్ళెం తుడిచాడు. అప్పుడు జుల్మీరా పందెం పోయిందన్న ఉక్రోషంతో తన పళ్ళెంలోంచి మొదటి ముక్క నోట్లో వేసుకుంది. వెంటనే చేతిగుడ్డలో ఉమ్మేసింది.

"ఓరి దేవుడా! ఇది ఎలా తిన్నావయ్యా?"

"మీరు పెట్టిన పరీక్ష ఇదేననుకున్నానమ్మా" అన్నాడు తెలెస్, నీళ్ళ కూజా దగ్గరికి లాక్కుంటూ.

వంతెన వెంట్రుకంత కూడా వంగలేదు. సాయంత్రానికి ఆ భోజనం కథ రెండు ఒడ్డులకీ పాకింది. ఆ రోజునుంచి జుల్మీరా ట్రాము మాట ఎత్తలేదు. ఆమె నోరు మూయించింది ఎంజినీరు కాదు ఉప్పుచేప అని మనవరాలు, గ్రసిందా కూతురు, వెక్కిరిస్తే, గరిటె విసిరింది తప్ప పెదవి విప్పలేదు.

ట్రాము నడిచింది. కార్లు పోయాక మసి పోయింది, బల్లగుడ్డలు పాలనురగలా ఆరేవి. గ్రసిందా పనినుంచి వెళ్తూ రోజూ తల్లి ఇంట్లో ఆగి కాఫీ తాగేది. "చూశావా అమ్మా" అనేది. జుల్మీరా తలూపేది. ఆ రోజుల్లో ఆమె మొహంలో సంతోషం నిజమే.

తర్వాత పళ్ళేలు నడవడం మొదలైంది. వంటింటి అరలో గోడకి ఆనించిన పళ్ళేలు ట్రాము పోయినప్పుడల్లా కంటికి కనపడనంత ముందుకి జరిగేవి. సాయంత్రానికి అర అంచుకొచ్చేవి. జుల్మీరా పొద్దున్నే లేచి వాటిని వెనక్కి తోసేది. పరీక్ష రోజు ట్రాములు నెమ్మదిగా వచ్చి నిలబడ్డాయి. ఇప్పుడు పరిగెత్తుతున్నాయి. ఆ అదురు స్తంభంలోంచి రాతిలోకి, రాతిలోంచి గోడలోకి దిగుతోంది. పొయ్యి వెనక బీట మొదట వెంట్రుకంత, తర్వాత చీపురుపుల్లంత, తర్వాత వేలు దూరేంత అయింది. ఆమె దానిమీద మేరీమాత పటం వేలాడదీసింది.

అబీలియు ఇంట్లో ఇంకా ఘోరంగా ఉంది. అతను నగరం ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఇద్దరు మనుషులొచ్చి అతని గోడలు చూసి, తర్వాత మధ్యింటి తలుపు కొట్టారు. "మీ ఇంట్లో ఏమైనా ఇబ్బందా అమ్మా?"

జుల్మీరా పటం వైపు వీపు పెట్టి నిలబడింది. "ఏమీ లేదు."

మధ్యిల్లు గట్టిగా ఉంటే పక్కిల్లు దాని పాతదనంవల్లే పగిలి ఉంటుందని వాళ్ళు తేల్చేశారు.

అబీలియు గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. "పిన్నీ, నీ గోడ నేను చూశాను. మా అమ్మ ఆ పైకప్పు కింద పడుకుంటోంది. ఒక్కమాట చెప్పలేవా?"

"మాటిచ్చాను కదరా."

"ఉప్పుచేపకిచ్చావు. మాకేమిచ్చావు?"

ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడలేదు. తాడు మీద గుడ్డలు ఎగిరి నదిలో పడినా తీసివ్వలేదు.

శీతాకాలం వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అబీలియు ఇంటి పైకప్పు పెళ్ళ ఒకటి, తలుపంత పెద్దది, ఊడి పడింది. ముసలావిడ మంచం కాళ్ళవైపు పడింది. దెబ్బేమీ తగల్లేదు. దుమ్ములోంచి ఆమెని బయటికి తెస్తుంటే జుల్మీరా గుమ్మంలో నిలబడి చూసింది. ఆ ముసలావిడ తెల్లబడ్డ మొహంతో ఇటు తిరిగి "జుల్మీరా, నీకేం కాలేదు కదా?" అని అడిగింది.

మర్నాడు జుల్మీరా తెలెస్‌కి కబురు పంపింది. భోజనానికి రమ్మంది, ఎందుకో చెప్పలేదు. ఈసారి నీళ్ళు మార్చడం మర్చిపోలేదు. చేప వెన్నలా ఉడికింది. తెలెస్ నవ్వుతూ వచ్చాడు. "ఈసారి నీళ్ళ కూజా నేనే తెచ్చుకున్నానమ్మా." ఆమె నవ్వలేదు. అతన్ని అరకి ఎదురుగా కూర్చోబెట్టింది. పొద్దున పళ్ళేలు వెనక్కి తోయలేదు. మేరీమాత పటం తీసి మంచం మీద పెట్టింది.

ట్రాము వచ్చింది. బల్లమీది వైనులో వలయాలు లేచాయి. అర అంచున ఉన్న నీలిపూల పళ్ళెం ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి నేలమీద పడి ముక్కలైంది. తెలెస్ ఆ ముక్కల్ని చూశాడు, బీటని చూశాడు. లేచి వెళ్ళి వేలు పెట్టాడు. వేలు లోపలికి పోయింది. ఫోర్కు బల్లమీద పెట్టేశాడు.

"వంతెన నిలబడుతుందా అని మీరడిగారు. నిలబడింది. ఇల్లు నిలబడుతుందా అని ఎవరూ అడగలేదు. నేను కూడా" అన్నాడు. పళ్ళెం పక్కకి జరిపి, "ఇవాళ నేను పళ్ళెం ఖాళీ చెయ్యడంలేదమ్మా. నోరు తెరవండి" అన్నాడు.

అప్పుడు తెరిచింది. అన్ని నెలలూ దాచింది ఒక్కసారి బయటికొచ్చింది. నది మీది పడవలు కూడా విన్నాయంటారు. అబీలియు తన గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు, లోపలికి మాత్రం రాలేదు. తెలెస్ అన్నీ తలవంచుకుని విని, గోడలు కొలుచుకుని వెళ్ళిపోయాడు.

ట్రాములు ఇప్పుడు వంతెన ఈ చివర నడకవేగంతో పోతున్నాయి. గ్రసిందా పాట ఒకటి కాదు, రెండు పాడుకోవాలి. మూడిళ్ళూ మనుషులుండటానికి పనికిరావని తేల్చారు. అబీలియు తల్లితో కలిసి ముందే కొండెక్కేశాడు. జుల్మీరాకి ఇచ్చిన ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. అక్కడినుంచి వంతెన కనబడుతుంది, కానీ కింద. ఇన్నాళ్ళకి ఆమె దాన్ని పైనుంచి చూడబోతోంది.

మనవరాలు పళ్ళేలు కాగితాల్లో చుడుతూ, ఇంతవరకూ తను రాసిన ఈ కథంతా ఆమెకి చదివి వినిపించింది. ఇచ్చిన మాట కోసం ఇల్లు పగిలినా పెదవి విప్పని మహాతల్లి అన్నచోట గొంతు పెంచింది. కట్టుడు పళ్ళని చేతిరుమాల్లో మూటకడుతున్న జుల్మీరా తల తిప్పలేదు.

"మాటా లేదు, గీటా లేదు. చెబితే ఇల్లు లాక్కుంటారని నోరు మూసుకున్నాను. ఆ పెళ్ళ అబీలియు అమ్మ నెత్తిన పడుంటే నన్నేమని రాసేదానివి? అదీ రాయి. తాడు కూడా విప్పుకురా, అక్కడ పనికొస్తుంది."