మా అత్త ముట్టనియ్యని బోణీ

పొద్దున మా మనవరాలి దుకాణానికి పోయిన. రాయచూరు బట్టల బజార్ల, ఒక సందు మూలకు, ఇద్దరు నిలబడితే నిండిపోయే దుకాణం. జాకెట్ గుడ్డలు, లంగాలు, లేసులు అమ్ముతది. షట్టర్ ఎత్తంగనే ఒకామె వచ్చి రెండు లంగాలు తీసుకొని ఫోను అట్ల చూపిచ్చింది. గల్లా పక్కనున్న డబ్బా ఒకటి మగ గొంతుతోని ఇన్ని రూపాయలు వచ్చినయని అరిచింది. "అవ్వా, బోణీ అయింది" అన్నది మనవరాలు. ఎక్కడ అయింది? కండ్లకు అద్దుకునేటానికి చేతుల ఏమన్న ఉంటె కద. ఫోనునన్న అద్దుకుంటదేమో అని చూసిన, అదీ లేదు. కాసేపటికి నా పక్కన కూసొని, నెలంత నిలబడి అమ్మినా ఆఖరుకు ఏం మిగుల్తలేదవ్వా అని మొదలుపెట్టింది. నాకు నాజూకుగ మాట్లాడేది రాదు. "మిగిలినంక దాస్తనంటే ఈ జన్మల దాయవు" అన్న. మూతి ముడిచింది. అందుకే ఈ సంగతి కాయితం మీద పెడుతున్న. నోటితోని చెప్తే తిట్టినట్టుంటది, రాస్తే కొంచెం మెత్తగ ఉంటదేమో. నలభై దాటినంక, బజ్జీలు చుట్టే పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కొని నేర్చినదాన్ని. తప్పులుంటె చదివేటోళ్లే దిద్దుకోండ్రి.

దేవసూగూరుల థర్మల్ కరెంటు స్టేషన్ కడుతున్న దినాలు అవి. మాది రాయచూరుల కిరాణం కుటుంబం. అన్నదమ్ముల వాటాలు తెగినప్పుడు మా ఆయన వాటాకు ఒక తక్కెడ, రెండు ఖాళీ నూనె డబ్బాలు, వాళ్ల అమ్మ వచ్చిన్రు. తక్కెడ, డబ్బాలు అమ్ముకొని తిన్నం. అత్తను ఎవరు కొంటరు అని ఆమె ముంగటనే అన్న. అప్పటికే నా నోరు అట్లాంటిది. ఆమె నోరు ఇంకా పెద్దది. "నన్ను కొనేటోడు నీ లెక్క తెలివితక్కువోడు కాడులే" అన్నది. అట్ల నవ్వుకుంట, తిట్టుకుంట ముగ్గురం బస్సెక్కి కృష్ణ ఒడ్డుకు వచ్చినం. ఊరి బయట ఎటు చూసినా ఇనుప చువ్వలు, కంకర గుట్టలు, సిమెంటు దుమ్ము. పొద్దున ఏటి మంచు, ఆ దుమ్ము కలిసి మనిషికి మనిషి కనపడకపోతుండె. గొంతులే వినపడుతుండె, ఒరియా, తమిళం, కన్నడం, మన తెలుగు. ఆ గొంతులన్నిటికీ ఆకలి ఒక్కటే. గేటు ముంగట ఒక తోపుడు బండి పెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మొదలుపెట్టినం. బొరుగులు నానబెట్టి గట్టిగ పిండి, ఉల్లిగడ్డ పోపుల కలిపి, మీద పుట్నాల పొడి చల్లితె ఉగ్గాని. చెప్పేటానికి ఒక ముక్క, చేసేటానికి చెయ్యి ఉండాలె. నా చెయ్యి మంచిదని మా అత్త కూడ ఒప్పుకుంటుండె, వేరేటోళ్ల దగ్గర.

బండి మాది కాదు, కిరాయిది. దాని సేటుకు రాయచూరుల అట్లాంటివి పదిహేను ఉండె. దినానికి రెండు రూపాయలు కట్టాలె. ఒక దినం తప్పితె మనిషిని పంపి బండి గుంజుకపోతుండె. మా పక్కన చెరుకు రసం ఆయనది మా కండ్ల ముంగటనే పోయింది, తాగేటోళ్ల చేతుల గ్లాసులు ఉండంగనే. ఆయన రోడ్డు మీద ఆ గ్లాసులు ఏరుకుంటుంటె మా అత్త చూసింది. ఆ సాయంత్రమే కుమ్మరోళ్ల దగ్గర ఒక గల్లగురిగి తెచ్చింది. గల్లగురిగి అంటె నోరు లేని మట్టి కుండ. పైన ఒక చీలిక, పైసలు లోపలికి పోతయి గని పగలగొట్టేదాక బయటికి రావు. "రేపటి సంది బోణీ పైసలు మనవి కావు. అవి బండివి. మనం బండి కొనాలె" అన్నది. బోణీ ఎంతైతె అంత. రూపాయైతె రూపాయి, పదైతె పది. జరమొచ్చినా, పండగొచ్చినా సరే. మా ఆయన సరే అన్నడు. ఆయన ఎవరు ఏం చెప్పినా సరే అంటుండె, అదే ఆయన రోగం.

నాకు మాత్రం కడుపు మండింది. మాకు పొద్దుగాలనే వచ్చేటోళ్లు రాడ్డు కట్టే గ్యాంగు. ఐదారు మంది ఒక్కసారి తింటె బోణీ ఐదు రూపాయలు అవుతుండె. ఆ ఐదు కండ్ల ముంగట కుండల పడుతుంటె, నేను అతుకుల చీర కట్టుకొని చూస్తుంటి. రెండు నెలలు ఓర్చుకున్న. తర్వాత ఒక ఉపాయం తట్టింది. గేటు కాడ ఒక ముసలి సాయిబు వాచ్‌మన్ ఉండె. డ్యూటీ దిగంగనే వచ్చి పావలాకు రెండు బజ్జీలు తిని పోతుండె, ఎన్నడూ అంతకు మించలె. ఆయన వచ్చేదాక గ్యాంగును ఆపుడు మొదలుపెట్టిన. "ఆగన్నా, నూనె కాగలె" అంటుంటి. నూనె పొగలు కక్కుతుండె. "అక్కా, నూనె కాదు, బండి అంటుకుంటది" అని వాళ్లు నవ్వుతుండ్రి. సాయిబు పావలా చేతుల పడంగనే కండ్లకద్దుకొని, భక్తిగ మా అత్తకు ఇస్తుంటి. ఆమె కుండల వేస్తుండె. అట్ల ఒక్క దినం తప్పకుంట, వానల, చలిల, నేను అందరికంటె ముందు లేచి సాయిబు కోసం దారి చూసుకుంట ఏడాదిన్నర పైన నడిపిన. అత్తను గెలిచిన అనుకున్న.

రెండో ఏడు, సూగూరేశ్వరుని జాతర ఇంక పదిహేను దినాలు ఉందనంగ, సేటు మనిషి వచ్చిండు. ఇంకెవడో దినానికి నాలుగు రూపాయలు కడ్తనన్నడట. కొనుక్కుంటె పన్నెండు నూర్లు. జాతర నాటికి పైసలన్న చూపాలె, బండన్న వదలాలె. మా అత్త ఇంటికి పోయి కుండను ఎత్తి చెవి దగ్గర పెట్టుకొని ఊపింది. నేను అటు చూడలె. ఆ కుండల ఎక్కువ ఏమున్నయో నాకు తెలుసు.

ఆ మరునాడే పెద్ద పొగగొట్టానికి కాంక్రీటు పోసుడు మొదలైంది. ఆ పని ఒకసారి మొదలుపెడితె నడుమ ఆపేటానికి లేదట. పైన మనుషులు దిగరు, తిండి పైకి పోవాలె. పొద్దుగాల సాయిబు రాకముందే గుత్తేదారు దగ్గర లెక్కలు రాసే మునిషీ వచ్చిండు, కోస్తా మనిషి. "అమ్మా, డెబ్బై పొట్లాలు కట్టాలండి. రోజూ ఇలాగే, తొమ్మిది రోజులు. డబ్బులు ముందే ఇచ్చేస్తానండి" అని ఎనబై ఏడున్నర రూపాయలు చేతుల పెట్టిండు. మామూలు దినం పొద్దుగూకేదాక నిలబడితె మాకు నలభై వస్తుండె. మా అత్త నా చేతుల నుంచి పైసలు తీసుకున్నది.

"అత్తా, ఏం చేస్తున్నవు?"

"బోణీ కద."

"గిది బోణీనా? దీంట్లనే బొరుగులు రావాలె, నూనె రావాలె. రేపు డెబ్బై మందికి ఏం పెడ్తవు, నీ తలకాయా? ఖర్చు తీసుకొని మిగిలింది వెయ్యి."

"ఇయ్యాల ఖర్చంటవు, రేపు జరమంటవు, ఎల్లుండి చీరంటవు. ఒక్కపారి చెయ్యి అలవాటు పడ్డదంటె మళ్ల ఆగదు" అన్నది. మా ఆయన దిక్కు చూసిన. ఆయన ఇద్దరికీ సరే అన్నడు.

ఆ సాయంత్రం అప్పుకు పోతె కిరాణం ఆయన తల అడ్డం ఊపిండు. మా అత్త అక్కడనే అరుగు మీద కూసొని కాళ్ల కడియాలు తీసింది. పెండ్లిల వేసిన వెండి కడియాలు, యాభై ఏండ్లు కాళ్లకున్నయి. సబ్బు నీళ్లు పోసి, గుడ్డతోని గుంజి తీస్తుంటె చర్మం గీరుకపోయింది. ఆయన తక్కెడల అవి తూచి, కుదువ పెట్టుకొని మాకు బొరుగుల సంచి, నూనె డబ్బా ఇచ్చిండు.

అయినా బుద్ధి రాలె నాకు. రెండో దినం మునిషీ రాకముందే సాయిబుతోని బోణీ చేపియ్యాలని, రెండు బజ్జీలు పేపరుల చుట్టుకొని గేటు దాక ఉరికిన. "చాచా, జల్ది పావలా ఇయ్యి." ఆయన నిద్ర మొహంతోని జేబులన్నీ తడిమిండు. "చిల్లర్ నై మా. కల్ దేతా" అన్నడు, రేపిస్తడట. ఏడాదిన్నరల ఒక్కనాడు పావలా లేదనని మనిషి, ఆనాడే లేకపాయె. బజ్జీలు ఆయన చేతులనే పెట్టి తిరిగి వచ్చేసరికి మునిషీ బండి కాడ నిలబడి పైసలు లెక్కపెడుతున్నడు. మా అత్త నా రొప్పు చూసింది, చేతుల దిక్కు చూసింది. "దొరకలేదా నీ పావలా చాచా?" అన్నది. పిండి కలుపుడు మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు మొదటి దినం నుంచే తెలుసని.

ఆ తొమ్మిది దినాలు మేము తిన్నది బొరుగుల సంచి అడుగున మిగిలిన నూకనే. బూరెల లెక్క ఉబ్బిన చేతులతోని నేను మిరపకాయలు కోసిన, ఆయన పొట్లాలు కట్టిండు, అత్త బోణీ తీసుకున్నది. పైన, మబ్బుల దగ్గర, మా ఉగ్గాని తినుకుంట మనుషులు పొగగొట్టం పోసిన్రు.

జాతర ముందర దినం సేటు మనిషి వచ్చిండు, ఇద్దరు కూలీలను వెంట తెచ్చుకొని. బండి మీదున్న కడాయి దించమన్నడు. మా అత్త కడాయి దించింది; అది ఉన్న చోటనే కుండను పెట్టి అట్లకాడతోని ఒక్క దెబ్బ కొట్టింది. నోట్లు తక్కువ, పావలాలు బండి నిండ దొర్లినయి, కింద దుమ్ముల పడ్డయి. "ఇన్ని పావలాలేంది, గుడి హుండీ కొట్టిన్రా?" అన్నడు ఆ మనిషి. గ్యాంగోళ్లు వచ్చి చుట్టు నిలబడ్డరు. నాకు చదువు లేదు గని కుప్పలు పెట్టుడు వచ్చు. నాలుగు పావలాల కుప్ప, నాలుగు పావలాల కుప్ప. మునిషీ నోట్లన్నీ, మొదటి రెండు నెలల గ్యాంగు రూపాయలన్నీ కలిపితె వెయ్యి ఎనబై ఏడున్నర. ఇంకా నూట పన్నెండున్నర తక్కువ. మిగిలినయి సాయిబు పావలాలే. ఒక్కో కుప్ప ఆ మనిషి దిక్కు జరిపిన. నూట పన్నెండు కుప్పలు జరిపినంక ఇంక రెండే పావలాలు కావాలె. నా ముంగట ఇంకా గుప్పెడు గుప్పెడు ఉండె. గ్యాంగోళ్లు కేకలు పెట్టిన్రు. ఒకడు ఈలేసిండు. సేటు మనిషి సంచి నింపుకొని, బరువుకు వంగి, వట్టి చేతుల కూలీలను తీసుకొని పోయిండు.

నేను అత్త కాళ్ల దగ్గర కూసొని చెప్పిన, నూనె కాగలేదని అబద్ధం ఆడిన సంగతి. గీరుకపోయిన ఆ కాళ్లను చూస్తె ఆపుకోలేకపోయిన. "తెలుసు గదనే. పావలానే కానీ, ఏడాదిన్నర ఒక్క దినం పడకుంట ఉన్నదా? నువ్వు దొంగతనం కూడ ఎంత శ్రద్ధగ చేసినవంటె, నేను నిన్ను ఆపితె బోణీ ఆగుతదేమో అని భయపడ్డ" అన్నది. ఏడుస్తుంటె నవ్వొచ్చింది. నేను మోసం చెయ్యకుంట ఉంటె బండి ఏడాది ముందరే మాదయ్యుండేది, అది కూడ నిజమే. అబద్ధం ఎందుకు రాయాలె.

నాలుగు నెలలల్ల ఆమె కడియాలు ఆమె కాళ్లకు మళ్ల ఎక్కినయి. రెండో బండి కొన్నం, కాలనీల ఒక గది, రాయచూరుల ఇంటి జాగా. అన్నీ పొద్దుగాల పైసలే. ఎంత పెద్ద బోణీ అయినా నేను చెయ్యి పెట్టలె. పావలా చాచాను మాత్రం మళ్ల వెతకలె. అత్త పోయి చాన ఏండ్లయింది. ఏండ్లు ఎట్ల పోయినయో తెలియలేదని నా ఈడోళ్లు అంటుంటరు. నాకు తెలుసు. ఒక్కొక్క దినంగ పోయినయి, పోయేటప్పుడు ప్రతి దినం చేతుల నుంచి మేము బోణీ అంత కొంచెం గుంజుకున్నం.