విసురు వల నోటుబుక్కు

అడవులదీవి దగ్గర ఏటిలో ఒక వల పోయింది. గాలివానకు కాదు, మొసలి లాక్కుపోయీ కాదు. ఒక రూళ్ల నోటుబుక్కు వల్ల పోయింది. ఆ పుస్తకం నాదే కాబట్టి కాస్త గంభీరంగా వినండి.

మా నాన్న ఏనాడో తెనాలి వచ్చి చేపల కొట్టు పెట్టాడు. అందుచేత నాకు చేపను కోయడం వచ్చు గానీ పట్టడం రాదు. పెళ్లయ్యాక అడవులదీవి అత్తవారి వీధిలో నా పేరు ‘తెనాలి కత్తి’ అయిపోయింది. మావయ్య జాలిపడ్డాడు.

“పడవ మీంచి ఒక్కసారి వల గుండ్రంగా వెయ్యండి అల్లుడుగారూ. ఆ తర్వాత ఆ పేరు ఎవడంటాడో నేను చూస్తానండి.”

ప్రతి సోమవారం కొట్టుకు సెలవు. రేపల్లె దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో, ఆపైన ఏటిగట్టు మీద సాధన. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకున్నాక నేను కొన్న మొదటి పుస్తకం ఆ రూళ్ల నోటుబుక్కే. నా విసురు ఎంత బాగుపడుతోందో అందులో రాసేవాణ్ణి.

‘మొదటి సోమవారం: వల అరటికాయలా పడింది. నడుం తిప్పలేదు.’

‘రెండో సోమవారం: నడుం తిప్పాను. నేనూ పడ్డాను.’

‘మూడో సోమవారం: వల అంచు పళ్లతో పట్టుకుని మావయ్యను సందేహం అడిగాను. అడగరాదు.’

చిక్కల్లా తాడుతోనే. వల తాడు కొసను ఎడమ మణికట్టుకు ఉచ్చులా తగిలించుకోవాలి. నేనేమో ఎడమచేత్తో రాస్తాను. తడి తాడుకు కాగితం నానిపోతుంది. అందుకని ప్రతి విసురుకూ వల లాగి, తాడు తీసి, రాసి, మళ్లీ తగిలించుకునేవాణ్ణి. పద్ధతి అమోఘం. గట్టు మీద.

పరీక్ష రోజు వచ్చింది. వానాకాలమంతా కూర్చుని స్వయంగా అల్లుకున్న కొత్త వల మావయ్య నా చేతికిచ్చాడు. చుట్టుపక్కల పడవల్లో వీధి వీధంతా ఉంది. మొదటి విసురు గుమ్మడికాయ ముక్కలా పడింది. వల లాగి, తాడు తీసి, రాయడానికి కూర్చున్నాను.

“ఇప్పుడేంటి బావా, ఉత్తరమా?” అన్నాడు బామ్మర్ది.

“ఒక్క నిమిషం రా. మర్చిపోతాను.”

“చేపలు ఆగవండి అల్లుడుగారూ! అదుగో మెరుస్తున్నాయి, లేవండి!”

లేచాను. నడుం తిప్పాను. విసిరాను.

ఎంత గుండ్రం! అత్తగారు పెనం మీద తిప్పిన అట్టు కూడా అంత గుండ్రంగా రాదు. పడవల్లో ఈలలు. నేను ఎడమచెయ్యి పైకెత్తి అభివాదం చేశాను.

“బావా, తాడేదీ?”

చేతిలో పెన్ను ఉంది. తాడు పాములా పడవ అంచు దిగి, తోక ఒకసారి ఆడించి, వలను వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాకా కొక్కెం వేసి వెతికితే ఒక చిరిగిన గోనెసంచి దొరికింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను రాయబోతే ఉన్న వల పోయింది. మావయ్య పడవను ఒడ్డుకు చేర్చాడు.

“గుండ్రంగానే పడిందండి,” అన్నాడు చివరికి. “రాసుకోండి.”

రాసుకున్నాను: ‘వల గుండ్రంగా పడింది. వల లేదు.’

ఇచ్చిన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. నన్నిప్పుడు తెనాలి కత్తి అని ఎవరూ అనడం లేదు. ‘కవిగారు’ అంటున్నారు. సోమవారాల్లో ఆయన అరుగు మీద కూర్చుని కొత్త వల అల్లుతున్నాను.

అందుచేత ఏటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎడమచేతికి తాడున్నంతసేపూ ఆ చేత్తో అక్షరం ముట్టను. ఇదంతా కుడిచేత్తోనే రాశాను. తాడు మావయ్య కట్టాడు. రెండో కొస ఆయన చేతిలోనే ఉంది.